కడగని తొట్టి

సెప్టెంబరు 9, 1974, సోమవారం

గాలి పడమర. కాలువలో నీరు కదలడం లేదు.

నాన్న పడవలో రోజూ పుస్తకం రాసేవాడు. గాలి ఎటు, నీరు ఎంత లోతు, ఏ సరుకు, ఏ రేవు. మనుషుల సంగతి ఒక్క ముక్క ఉండేది కాదు. అమ్మకి జబ్బు చేసిన నెలంతా కూడా ఆ పుస్తకంలో గాలీ నీరే. పడవ ఏ రేవులో ఆగితే ఆ రేవు బడికి, ఆగినన్నాళ్ళూ వెళ్ళాను. అన్నీ కలిపితే నాలుగేళ్ళు రావు. రాయడం నాన్న పుస్తకం చూసే వచ్చింది. అందుకని నేనూ గాలితో మొదలుపెడతాను. ఆపైన ఏం రాస్తానో చూడాలి.

మూడో వాయి సారా కూడా పోయింది.

నిన్న మధ్యాహ్నం ముందు గదిలో మా ఆయన క్రైన్ సీసా తెరిచాడు. అత్తగారు, లేన్ తాత, రాటర్‌డామ్ నుంచి హెస్టర్. నేను కాఫీ ఇస్తూ తలుపు దగ్గర. లేన్ తాతకి ఎనభై ఒకటి. క్రైన్ తాతగారి దగ్గర కుర్రతనంలో ఈ సారా బట్టీలోనే పనిచేశాడు. జునిపెర్ కాయలేసి కాచే ధాన్యం సారాని యెనేవర్ అంటారు. క్రైన్ ముత్తాత తన పుస్తకంలో రాసిపెట్టిన యెనేవర్ రుచిని ఇంకా నాలుక మీద ఉంచుకున్న మనిషి స్కీడామ్ మొత్తానికి ఆయనొక్కడే. మొదటి యుద్ధంలో ధాన్యం దొరక్క దాన్ని కాచడం ఆపేశారు. మళ్ళీ ఎవరూ కాచలేదు.

గ్లాసు అంచుదాకా నింపారు. తాత పాత పద్ధతిలో చేతులు వెనక్కి కట్టుకుని, బల్ల మీదికి వంగి, మొదటి గుక్క అలాగే పీల్చాడు. లేచి మీసం తుడుచుకున్నాడు.

"శుభ్రంగా ఉంది" అన్నాడు.

క్రైన్ ముఖం వెలిగింది.

"పొగడ్త కాదురా అబ్బాయ్. ఆసుపత్రి వరండాలా ఉంది. ఎవరూ కాపురం ఉండరు అందులో."

హెస్టర్ కూడా తాగింది. ఆమె బార్‌కి వచ్చే కుర్రకారు వోడ్కాలో నారింజ రసం పోసుకుంటారట. "యెనేవర్ అంటే తాతల జేబురుమాలు వాసన అంటారు మావాళ్ళు. యాభై ఏళ్ళనాటిదంటే ముఖం తిప్పుకుంటారు. నూరేళ్ళనాటిదంటే మాత్రం ఎగబడతారు, అదెక్కడి లెక్కో! కానీ క్రైన్, ఇది నూరేళ్ళది కాదు, నిన్నటిది."

క్రిస్మస్ పండగకి మూడువందల సీసాలు కావాలంది. రుచి కుదిరితేనే. మాట్లాడుతూ డబ్బాలోంచి రెండో బిస్కట్టు తీసుకుంది. కాఫీకి ఒకటే ఇక్కడి లెక్క. అత్తగారు ఆ డబ్బా వైపే చూస్తూ ఉండిపోయారు. మూత పెట్టాక గానీ ఆవిడ ఊపిరి వదల్లేదు.

కుదరకపోతే క్రైన్ సారా కాచే కాగు అమ్మేసి జనవరిలో ఉత్తర సముద్రం మీద చమురు పనికి వెళ్తాడు. రెండు వారాలు నీళ్ళ మీద, వారం ఇంట్లో. ఆ ఉద్యోగం కాగితం గడియారం కింద ఉంది. దుమ్ము తుడిచేటప్పుడు దాన్ని కదపకుండా చుట్టూ తుడుస్తున్నాను.

సెప్టెంబరు 13

గాలి లేదు. బట్టీలో రెండో తొట్టి తోమాను. ఈసారి చాకలి సోడా ఎక్కువ వేశాను.

సెప్టెంబరు 18

వాన.

బట్టీలో తొట్లు ఆరు. ఓక్ చెక్కవి, ఒక్కొక్కటి నా తల కంటే ఎత్తు. నిచ్చెన వేసుకుని దిగాలి. పిండీ నీళ్ళూ పోసి ఊట పులియబెట్టేది వాటిలోనే. రోజుకొకటి ఖాళీ అవుతుంది. ఉదయం ఏడు నుంచి తొమ్మిదిదాకా దాన్ని తోముతాను. అదే వేళకి క్రైన్ అవతల కాగు కింద మంట సరిచేసుకుంటూ ఉంటాడు.

పెళ్ళయి రెండేళ్ళయింది. ఆ రెండు గంటలే మేం కలిసి ఉండేది అంటే ఎవరైనా నవ్వుతారు. ఒకే బల్ల దగ్గర తింటాం, ఒకే మంచం. కానీ బల్ల దగ్గర అత్తగారు మాట్లాడతారు. మంచం మీదికి వచ్చేసరికి క్రైన్ ఉండడు, తన అలసట ఉంటుంది.

తొట్టిలో ఉన్నప్పుడు తన గొంతు వినిపిస్తుంది. తనలో తను ఏదో మాట్లాడుకుంటాడు. కుంచె చప్పుడులో మాటలు తెలియవు. ఊరికే గొంతు. నేను కుంచె ఆపితే తనూ ఆపేస్తాడు. అందుకని ఆపను.

ఇవాళ అత్తగారు అన్నారు: "నిన్నిలా వదిలేస్తే ఊళ్ళో ఇటుకలన్నీ తెల్లబడతాయి అమ్మాయ్. పడవ మీద తోమడానికి ఇంకేం లేక చేపల్ని కూడా తోమేవాళ్ళేమో మీరు."

నవ్వాను. నిజానికి పడవలో అమ్మ శనివారం లంగరు కూడా తోమేది.

సెప్టెంబరు 24

గాలి నైరుతి. అమ్మ కార్డు వచ్చింది, బాసెల్ నుంచి. "అందరం కులాసా. నీరు తక్కువ." అంతే. నాన్న చెబితే రాసినట్టుంది.

పొద్దున కాలువలో పడవ కూత వేసింది. నాన్నది కాదు. నాన్నది కొంచెం బొంగురు.

అక్టోబరు 2

గాలి ఉత్తరం. నాలుగో వాయి కాగులోకి ఎక్కింది. క్రైన్ జునిపెర్ కాయలు మార్చాడు. ఇటలీ నుంచి తెప్పించినవి. చేతిలో నలిపి నా వైపు చాపాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

"ఎలా ఉంది?"

"బావుంది" అన్నాను.

బావుంది అని కాదు అనాల్సింది. వాన పడ్డాక నాన్న తాళ్ళ గదిలో వచ్చే వాసనలా ఉంది, తారూ ఆకులూ కలిసినట్టు. తన వేలి మీద ఇంకా కొంచెం ఉంది. ఇంకోసారి చూపించమనాలనిపించింది. అదంతా నోట్లోకి వచ్చేసరికి "బావుంది" అయింది. తను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అక్టోబరు 6, ఆదివారం

నాలుగో వాయి కూడా.

తాత వంగి తాగాడు, లేచాడు, ఈసారి మీసం కూడా తుడుచుకోలేదు. "మీ ముత్తాత పుస్తకం ఇలా తే" అన్నాడు. క్రైన్ తెచ్చాడు. రై ధాన్యం ఇంత, మొలకెత్తిన బార్లీ ఇంత, మూడుసార్లు కాచడం, మూడోసారి జునిపెర్. తాత ఒక్కో వరస మీదా వేలు పెట్టాడు. "ఇదీ చేశావు. ఇదీ చేశావు. మరి ఏది చెయ్యలేదు?"

"అన్నీ చేశాను తాతా. నీళ్ళు కూడా తూచి పోశాను."

"తొట్లు ఎవరు చూస్తారు?"

"అలైదా. అందులో అన్నం పెట్టుకుని తినొచ్చు, అంత శుభ్రం." క్రైన్ నన్ను గురించి నలుగురిలో ఒక మాట అనడం అదే మొదటిసారి. చెవులు వేడెక్కాయి.

తాత నా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

వాళ్ళు వెళ్ళాక క్రైన్ పెరట్లో బకెట్టు బోర్లించుకుని కూచున్నాడు. భుజాలు చూస్తే ఏడుస్తున్నాడని తెలుస్తోంది. కిటికీ దాకా వెళ్ళి, అద్దం తుడిచి వచ్చాను.

అక్టోబరు 7

గాలి పడమర. లేన్ తాతకి బఠాణీల సూప్ పట్టుకెళ్ళాను. తాతకి మతిమరుపు బాగా ఎక్కువైంది.

అక్టోబరు 8

ఎనభై ఒకటి అంటే మాటలా. నిన్నటి సంగతే గుర్తుండదు, అరవై ఏళ్ళనాటిది ఏం గుర్తుంటుంది.

మూడో తొట్టి తోమాను. రెండుసార్లు.

అక్టోబరు 10

గాలి రాయలేదు. చూడలేదు.

రాసేస్తాను. ఈ పుస్తకం ఎవరూ చూడరు.

తాత సూప్ తాగుతూ అడిగాడు, "తొట్లు దేంతో కడుగుతావమ్మాయ్?"

"సోడాతో. వేణ్ణీళ్ళు పోసి."

చెంచా కింద పెట్టేశాడు. "రోజూనా?"

"రోజూ."

"మా రోజుల్లో తొట్టికి సోడా చూపించినవాణ్ణి కాలువలోకి తోసేవాళ్ళం." కోపంగా అనలేదు. ఎప్పుడో పోయిన మనిషి పేరు విన్నట్టు అన్నాడు. "శనివారం మీ గుమ్మాలు తోముకోండి, ఎవరొద్దన్నారు? తొట్టి జోలికి ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. కాచగా కాగులో మిగిలిన కుడితి ఉంటుంది చూడు, పుల్లగా, దాన్ని వేడివేడిగా తొట్టిలో పోసి ఒక తిప్పు తిప్పేవాళ్ళం. అడుగున రెండు బకెట్లు అలాగే వదిలేసేవాళ్ళం. దాని మీదే కొత్త పిండి. ఆ చెక్కలో పాతకాపులుంటారమ్మాయ్. కొత్తగా వచ్చిన పిండికి ఎలా పులవాలో వాళ్ళే చెబుతారు. నువ్వు రోజూ వాళ్ళని ఇంట్లోంచి గెంటేస్తున్నావు."

"పుస్తకంలో లేదే తాతా?"

"ఊపిరి పీల్చుకోమని కూడా లేదు పుస్తకంలో. అందరూ చేసేదాన్ని ఎవడు రాస్తాడు?"

మా ఇంటి కుడితి రోజూ పందుల పెంపకందారు పీపాలతో పట్టుకుపోతాడు. ఒక్క చుక్క మిగలకుండా వంచి ఇస్తాం. పీపా చివర నేనే తుడుస్తాను.

లేచి వస్తుంటే తాత అన్నాడు, "వాడికి నువ్వే చెప్పు. నేను చెబితే నీ మీద చెప్పినట్టుంటుంది."

చెప్పలేదు. మూడు రోజులైంది.

నాలుగు వాయిలు. రెండేళ్ళు. నా చేతులే. సోడాకి పగిలి చలికాలం రక్తం వచ్చేవి. అది చూసి ఒకసారి క్రైన్ ఏదో మందు తెచ్చి కిటికీ దగ్గర పెట్టాడు, ఏమీ అనకుండా. ఆ చేతులతోనే పాడు చేశాను. పెరట్లో బకెట్టు మీద కూచున్న మనిషి దగ్గరికి వెళ్ళి, ఇదంతా నేనే అని ఎలా అనను?

ఇంకొకటి ఉంది. అది కూడా రాయాలి. తొట్లు కడగొద్దంటే నాకు బట్టీలో పనేముంది? ఏడింటికి ఏ పేరు చెప్పుకుని వెళ్ళను?

అక్టోబరు 12

చెప్పాలని కాఫీ పట్టుకెళ్ళాను. "ఏంటి?" అన్నాడు. "కాఫీ" అన్నాను.

అక్టోబరు 14, సోమవారం

గాలి ఆగ్నేయం, పల్చగా ఎండ.

ఐదో వాయి మొదలు. ఇవాళ నేను ఏం చేశానో పడవలో ఎవరైనా వింటే నన్ను నీళ్ళలోకి విసిరేస్తారు.

పీపాలు వెళ్ళకముందే కుడితి రెండు బకెట్లు తీసి గోడ వెనక పెట్టాను. ఏడింటికి మామూలుగా నిచ్చెన వేసుకుని తొట్టిలోకి దిగాను. కుడితి పోసి చీపురుతో ఒక తిప్పు తిప్పాను. అడుగున మడమల దాకా ఉంది. పుల్లటి వాసన కళ్ళలోకి కొట్టింది. తర్వాత పీట వేసుకుని, ఒళ్ళో పాత మూత చెక్క పెట్టుకుని, దాని మీద పొడి కుంచెతో తోమాను. రెండు గంటలు. పైనుంచి వినేవాడికి తోముతున్నట్టే ఉంటుంది.

పాత బూట్లలోంచి కుడితి కాళ్ళకి తగులుతుంటే చెక్కకి అంటిన మురికి అలాగే వదిలేసి కూచున్నాను. వీపు దురద పెట్టింది. రెండుసార్లు చెయ్యి దానంతట అదే గోడ మీదికి వెళ్ళింది. వెనక్కి లాక్కున్నాను.

పొడి కుంచె చప్పుడు మెత్తన. తన మాటలు తెలుస్తున్నాయి.

అక్టోబరు 15

తను మాట్లాడేది మామగారితో. చనిపోయి మూడేళ్ళయింది. "నాన్నా, ఈసారి మంట తగ్గించాను" అంటాడు. "నాన్నా, ఆ హెస్టర్ సిగరెట్టు కాగు మీద నలిపింది. నువ్వుంటే ఏం చేసేవాడివో" అంటాడు. నవ్వుతాడు కూడా. తన నవ్వు బల్ల దగ్గర వినపడే నవ్వు కాదు.

అక్టోబరు 17

ఇవాళ పాట పాడాడు. సగం మాటలు తప్పు.

అక్టోబరు 23

గాలి పడమర, జోరు.

అత్తగారు ముక్కు ఎగబీల్చి, "నీ గౌనుకి పుల్లటి వాసనేంటి?" అన్నారు. చెప్పలేదు. "పడవల వాళ్ళకి పొడినేల పడదని నేనప్పుడే అన్నాను" అన్నారు. ఆ వాసనకీ పొడినేలకీ సంబంధం ఏంటో నాకు తెలియలేదు, ఆవిడకీ తెలిసినట్టు లేదు. గౌను ఉతికి ఆరేశాను. మెడ దగ్గర పట్టీ మాత్రం ఉతకలేదు. తొట్టిలో పొద్దుటి పూట వాసన అది.

ఇక్కడ ఇంకో విషయం రాసుకోవాలి. నేను మోసం చేస్తున్నాను. కానీ ఎవరికీ నష్టం లేదు కదా. వాయి కుదిరితే తనకి మంచిదే. కుదిరాక చెబుతాను.

నవంబరు 3, ఆదివారం

ఐదో వాయి. తాత వంగాడు. ఒక గుక్క. కళ్ళు మూసుకున్నాడు. రెండో గుక్క కూడా వంగే తీసుకున్నాడు, గ్లాసు చేత్తో పట్టుకోవడం మరిచిపోయినట్టు.

"దారిలో ఉంది" అన్నాడు. "ఇంకా గుమ్మం ఎక్కలేదు. వీధి మలుపు తిరిగింది."

క్రైన్ వెళ్ళి కిటికీ తెరిచాడు, మళ్ళీ మూశాడు. "ఇటలీ జునిపెరే తాతా. మంట తగ్గించడం కూడా." తాత నా వైపు చూసి, "ఊఁ, జునిపెర్" అన్నాడు.

కుదిరాక చెబుతానన్నాను కదా. ఇంకా కుదరలేదు.

నవంబరు 8

మంచు. పడవలు కనిపించవు, కూతలే.

నవంబరు 15

గాలి తూర్పు. చలి.

కూత వినిపించింది. బొంగురుగా ఉన్నట్టనిపించింది. చెయ్యి ఆపి విన్నాను. కాదు. మళ్ళీ కుంచె ఆడించాను. అవతలనుంచి క్రైన్ గొంతు:

"చూశావా నాన్నా? కూత పెట్టిందంటే చెయ్యి ఆగిపోతుంది. ప్రతిసారీ అంతే. పడవ పిల్లని తెచ్చి ఇటుకల మధ్య పెట్టావురా అంటావు, తెలుసు. నాతో నాలుగు మాటలు ఆడదు. ఇల్లంతా తోముతుంది, తొట్లు తోముతుంది, మా వాసన పడక. ఏదో ఒకనాడు కూత వినిపిస్తుంది, కుంచె మళ్ళీ మొదలవదు. నేను ఇక్కడ మంట పెట్టుకుంటూనే ఉంటాను."

తర్వాత బొగ్గు వేసిన చప్పుడు.

చేతులు ఆడిస్తూనే ఉన్నాను. ఆపితే విన్నానని తెలుస్తుంది.

నవంబరు 16

నిచ్చెన ఎక్కి, తల పైకి పెట్టి, కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. రెండు మెట్లు ఎక్కాను.

నవంబరు 17

గాలి తూర్పు.

నవంబరు 19

గాలి తూర్పు. బల్ల దగ్గర తన పళ్ళెంలో ఇంకో బంగాళదుంప వేశాను. అడగకుండా. తను నా వైపు చూశాడు. అత్తగారు, "వాడికి రెండు చాలు" అన్నారు. తను మూడోదీ తిన్నాడు.

నవంబరు 26, మంగళవారం

గాలి పడమర. కుదిరింది.

ఆరో వాయి. తాత వంగి తాగి అలాగే ఉండిపోయాడు, చేతులు వెనక, నుదురు బల్లకి ఆనేంత దగ్గరగా. అత్తగారు కంగారుపడి, "లేన్! లేన్!" అన్నారు. తాత తల ఎత్తకుండానే, "ఉండండమ్మా, మా అయ్య దగ్గరున్నాను" అన్నాడు.

హెస్టర్ తాగి బల్ల మీద చరిచింది. "రొట్టె, పొగ, ఆ చివర్న ఏదో పులుపు, అబ్బ! మావాళ్ళు గ్లాసులు నాకుతారు. మూడొందలు కాదు, నాలుగొందలు." క్రైన్‌ని మూడుసార్లు ముద్దు పెట్టుకుంది, ఈ బుగ్గ, ఆ బుగ్గ, మళ్ళీ ఈ బుగ్గ. అందరూ పెట్టుకుంటారు. నేను కాఫీ కలుపుతున్నాను, చక్కెర వెయ్యకుండానే.

అత్తగారికీ నాకూ గుడ్డుసొన పోసిన తియ్యటి సారా ఇచ్చారు, చెంచాతో తినేది. కాబట్టి కుదిరింది ఎలా ఉందో నాకు తెలియదు. వాసన మాత్రం తెలుసు.

క్రైన్ ముత్తాత పుస్తకం తెరిచి అందరి ముందూ రాశాడు: "ఇటలీ జునిపెర్, మామూలు కంటే మూడో వంతు తక్కువ. నెమ్మది మంట." కింద తారీఖు, సంతకం.

తాతని గుమ్మందాకా దిగబెట్టాను. మఫ్లర్ చుట్టుకుంటూ మెల్లగా అన్నాడు, "పుస్తకంలో అబద్ధం ఎక్కింది అమ్మాయ్. ఇంకో అరవై ఏళ్ళకి ఇంకో వెర్రివాడు ఇది చదివి, జునిపెర్ తూచుకుంటూ కూచుంటాడు. వాణ్ణి ఎవరు ఓదారుస్తారు?"

నవంబరు 28

బట్టీలో క్రైన్ నా దగ్గరికి వచ్చాడు. తనంతట తను. చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"అలైదా, ఇంక నువ్వు చేతులు పాడుచేసుకోనక్కర్లేదు. హెస్టర్ కొంత డబ్బు ముందే ఇచ్చింది. సోమవారం నుంచి ఒకతను వస్తాడు, ఆవిరి గొట్టంతో. తొట్టి పావుగంటలో అయిపోతుంది. నువ్వు హాయిగా ఇంట్లో ఉండు."

తను ఏదో బహుమతి ఇస్తున్నట్టు అన్నాడు. ముఖంలో అదే ఉంది.

"సరే" అన్నాను.

నవంబరు 29

సరే అన్నాను.

నవంబరు 30

గాలి వాయవ్యం, వడగళ్ళు. పుస్తకం తెరిచి చూశాను, క్రైన్ రాసింది. ముత్తాత రాతకీ తన రాతకీ పోలిక ఉంది. అక్షరాలు రెండింటిలోనూ కుడివైపు వంగి ఉన్నాయి.

ఆవిరి గొట్టం సోడా కంటే ఘోరం. తాతని అడిగాను. "ఒక్క రోజు చాలు" అన్నాడు. "మళ్ళీ వీధి చివరనుంచి మొదలు." నాలుగొందల సీసాలకి రెండు వాయిలు ఇంకా కాచాలి. పాడైతే హెస్టర్ ఉండదు. గడియారం కింద కాగితం ఇంకా ఉంది. తను దాన్ని తీసెయ్యలేదు.

డిసెంబరు 1, ఆదివారం

చర్చిలో పాటల పుస్తకం చేతిలో పెట్టుకుని, లోపల మాటలు పేర్చుకున్నాను. "క్రైన్, నీకొక సంగతి చెప్పాలి." అంతవరకు బాగానే వచ్చింది. తను పక్కనే, మోచెయ్యి తగిలేంత దగ్గర. బయటికొచ్చాక, "ఏదైనా అన్నావా?" అని అడిగాడు.

"లేదు" అన్నాను.

డిసెంబరు 2, సోమవారం

ఇది మధ్యాహ్నం రాస్తున్నాను. అత్తగారు నిద్రపోతున్నారు. అంతా రాయాలి.

ఆరున్నరకే వెళ్ళాను. ఖాళీ అయిన తొట్టిలోకి దిగి కుడితి పోసి, పీట వేసుకుని కూచున్నాను. కుంచె ఆడించలేదు. ఊరికే కూచున్నాను. నోరు తిరగకపోతే ఒళ్ళయినా అడ్డం పెట్టొచ్చు కదా, అనుకున్నాను. ఇంతకంటే పెద్ద ఆలోచన ఏమీ లేదు.

ఎనిమిదింటికి అతను వచ్చాడు. గొట్టం ఈడ్చుకొచ్చి నిచ్చెన ఎక్కి తొంగి చూశాడు. "అయ్యా! ఇందులో ఒకావిడ ఉన్నారండీ!"

"ఉండదు" అని క్రైన్ గొంతు. "ఇవాళ్టినుంచి రానక్కర్లేదని చెప్పాను."

"ఉన్నారండీ. కూచుని ఉన్నారు. కాళ్ళు కుడితిలో పెట్టుకుని."

క్రైన్ ముఖం అంచు మీదికి వచ్చింది. కింద నుంచి చూస్తే గడ్డమే కనిపిస్తుంది ముందు.

"ఏం చేస్తున్నావు?"

"కడగనివ్వను."

"ఏంటి?"

"కడగనివ్వను. కడిగితే పోతుంది. జునిపెర్ కాదు. సోడా. నేను కడిగాను, రెండేళ్ళూ నేనే కడిగాను, నాలుగు వాయిలూ నేనే పాడుచేశాను. లేన్ తాత చెప్పాడు. అక్టోబరు పద్నాలుగు నుంచి కడగడం లేదు. కుడితి రెండు బకెట్లు పోస్తున్నాను, అంతే. పుస్తకంలో నువ్వు రాసింది తప్పు."

అంత పొడుగు మాట నేను జన్మలో ఆడలేదు. ఆడాక తొట్టిలో నా గొంతు ఇంకా తిరుగుతోంది.

తను వెనక్కి తిరిగి ఆ మనిషితో, "మా అమ్మ లోపలుంది, కాఫీ ఇస్తుంది, వెళ్ళు" అన్నాడు. "గొట్టమండీ?" "గొట్టం కూడా తీసుకెళ్ళు."

మళ్ళీ ముఖం వచ్చింది. ఈసారి గడ్డం అంచు మీద ఆనించుకున్నాడు. తిడతాడనుకున్నాను.

"మరి ఆ తోమిన చప్పుడు? రోజూ విన్నాను."

మూత చెక్క ఎత్తి చూపించాను. మధ్యలో తెల్లగా అరిగిపోయింది.

"రెండు గంటలు? రోజూ? దేనికి?"

కాళ్ళకేసి చూశాను. కుడితి చల్లారిపోయింది.

"నువ్వు మాట్లాడుకుంటావు కదా" అన్నాను. "చప్పుడు ఆపితే ఆపేస్తావు."

తన చెవులు ఎర్రబడ్డాయి. ముందు చెవులు, తర్వాత మెడ.

"అన్నీ వినపడ్డాయా?"

"పొడి కుంచె కదా. అన్నీ."

"కూత సంగతి?"

"అదీ."

తను తల తిప్పుకున్నాడు. వెళ్ళిపోతాడేమో అనిపించి లేచి నిలబడ్డాను. పీట పడిపోయింది.

"వెళ్ళాలని ఆపను క్రైన్. నాన్న పడవేమో అని వింటాను, అంతే. కాకపోతే మళ్ళీ తోముకుంటాను."

"అయితే?"

"నాన్నదే అయితే కాఫీకి నీళ్ళు పెట్టాలిగా. నలుగురుంటారు."

తను నవ్వలేదు. నవ్వబోయి ఆగినట్టు నోరు ఒక పక్కకి వెళ్ళింది. "వాసన పడకే తోముతున్నావనుకున్నాను" అన్నాడు.

"వాసన..." అన్నాను. గౌను మెడ పట్టీ సంగతి చెప్పలేదు. అన్నీ ఒకే రోజు చెప్పలేను.

చెయ్యి చాపి పైకి లాగాడు. బూట్లలోంచి కుడితి నేల మీద కారుతుంటే తుడవాలని చూశాను. తను చెయ్యి వదల్లేదు, అందుకని తుడవలేదు. బల్ల దగ్గరికి వెళ్ళి ముత్తాత పుస్తకం తెరిచి, మొన్న రాసిన రెండు వరసలూ కొట్టేశాడు. కలం పట్టుకుని నన్ను చూశాడు.

"చెప్పు."

"తొట్టి కడగకూడదు" అన్నాను. తను రాశాడు. "కుడితి రెండు బకెట్లు. వేడిగా ఉన్నప్పుడే." రాశాడు. "పీపాలవాడు రాకముందే తియ్యాలి." అది కూడా రాశాడు. కింద తన పేరు రాసి, నా పేరు రాసి, ఆరేదాకా ఊదాడు.

అప్పుడు గుర్తొచ్చింది. తొట్లకి ఇంక నేను అక్కర్లేదు. కుడితి పొయ్యడానికి పది నిమిషాలు, తనే పోసుకోగలడు. తలుపు వైపు నడిచాను. ఇంట్లో బంగాళదుంపలు ఒలవాలి.

"అలైదా."

ఆగాను.

"రేపు ఎన్నింటికి వస్తావు?"

"పనేం లేదుగా."

"లేదు" అన్నాడు. కాగు మీద లేని దుమ్ము దులిపాడు. "ఏడింటికి రా."

డిసెంబరు 3

గాలి పడమర.

ఏడింటికి వెళ్ళాను. చేతిలో కుంచె లేదు, బకెట్టు లేదు. కాగు పక్కన తన స్టూలుకి ఎదురుగా ఇంకో స్టూలు ఉంది. కూచున్నాను. తను మంట చూసుకుంటున్నాడు. ఏ చప్పుడూ లేకుండా తను ఎప్పుడూ మాట్లాడలేదు, నాకు తెలుసు, నేను కూచునే ఉన్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్ళో పెట్టుకున్నాను, తీశాను, మళ్ళీ పెట్టుకున్నాను.

తొమ్మిది కావస్తుండగా, మంట వైపే చూస్తూ, "నాన్నా" అని మొదలుపెట్టి ఆగాడు. గొంతు సవరించుకున్నాడు.

"అలైదా" అన్నాడు. "ఈసారి మంట ఇంకొంచెం తగ్గించాను."